గండికోటకు వెళ్లి లోయను మాత్రమే చూసి వస్తున్నాం

సంపాదకులకు,

అయ్యా,

ఇటీవల ఒక ఆదివారం మా కుటుంబమంతా కలిసి వైఎస్సార్ కడప జిల్లాలో, జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, పెన్నా నది కుడి గట్టున ఎర్రమల కొండల మీద ఉన్న గండికోటకు వెళ్లి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే గడిపి వచ్చాం. ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లు సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని కాబట్టి గండికోట పేరు తరగతి గదిలో ఎన్నోసార్లు పలికాను, కానీ ఆ నేల మీద కాలుపెట్టడం మాత్రం ఇదే మొదటిసారి. ఆ ఒక్క రోజులో నేను చూసినవీ, నా చుట్టూ ఉన్న సందర్శకుల్లో చాలామంది చూడకుండానే తిరిగి వెళ్లినవీ కలిసి నాచేత ఈ ఉత్తరం రాయిస్తున్నాయి. మీ పత్రిక ద్వారా ఈ మాట కోట బాగోగులు చూసేవారికీ, అక్కడికి వెళ్లాలనుకునే పాఠకులకూ చేరాలని నా కోరిక.

మెలికలు తిరిగిన రాతి ప్రాకారాల మధ్య నుంచి, ఇనుప మేకులు దిగ్గొట్టిన ఎత్తయిన కొయ్య తలుపులను దాటి లోపలికి అడుగుపెట్టినప్పుడు నా నడక దానంతటదే నెమ్మదించింది. ఆ ద్వారం దగ్గర దారి నేరుగా సాగకుండా ఎందుకు మలుపు తిరుగుతుందో, శత్రువు ఏనుగులతో తలుపులు పగలగొట్టాలంటే పరుగు అందుకోవడానికి చోటు దొరకకుండా పూర్వులు ఎలా కట్టారో పిల్లలకు చూపించాలని ఆగాను. వెనుక వచ్చినవాళ్లు మాత్రం ఆగలేదు. వాహనాలు దిగిన ప్రతి బృందమూ ఎదురుపడిన మొదటి మనిషిని అడిగింది ఒకే ప్రశ్న, 'లోయ ఎటు వైపు అండీ?' అని. పావురాల గోపురాన్నీ, చెరసాలనూ, మసీదు మీనార్లనూ దాటుకుంటూ అందరూ ఒకే దిక్కుకు నడిచారు. నిజం చెప్పాలంటే మా పిల్లలు కూడా నా చెయ్యి పట్టుకుని అటే లాక్కుపోయారు.

ఆ లోయను చూసినవారెవరూ వారిని తప్పుపట్టలేరు. బండల మీదుగా నడుస్తూ నడుస్తూ ఉండగా నేల హఠాత్తుగా అయిపోతుంది. ఎదురుగా, ఎర్రని రాతి పలకలను ఎవరో కొలతపెట్టి ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుగా నిట్టనిలువు గోడ, మన కాళ్ల కింద అలాంటిదే మరొక గోడ, ఆ రెంటి నడుమ ఎక్కడో లోతున వంపు తిరిగిన పెన్న. గాలి కింది నుంచి పైకి వీస్తుంది. డేగలు మన కంటికంటే దిగువన ఎగురుతాయి. కర్ణాటకలోని నంది కొండల దగ్గర పుట్టి 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే ఈ నది, తన దారికి అడ్డం వచ్చిన ఎర్రమల కొండను కోసుకుంటూ వెళ్లిన చోటు ఇది. కొండకు పడిన ఆ కోతనే మనవాళ్లు గండి అన్నారు. ఆ గండి మీద కట్టిన కోట కాబట్టి గండికోట. పేరులో ఉన్న ఈ రెండు మాటలూ విడివిడిగా ఉంటే ఈ స్థలానికి అర్థం లేదు. అయినా మన సందర్శన ఈ రెండింటిలో మొదటిదాని దగ్గరే ఆగిపోతోందన్నది నా బాధ.

మధ్యాహ్నం లోయ నుంచి వెనుదిరిగి జామియా మసీదు పక్కనున్న కోనేటి దగ్గర కాసేపు కూర్చున్నాం. కత్తుల కోనేరు అని దానికి పేరు. యుద్ధం ముగిశాక సైనికులు అందులో కత్తులు కడిగేవారని, అందువల్లే ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. పన్నెండేళ్ల మా మనవరాలు ఆ రాతి మెట్లను చాలాసేపు చూసి, "అమ్మమ్మా, పక్కనే అంత పెద్ద నది ఉంటే వీళ్లు మళ్లీ కోనేరు ఎందుకు కట్టుకున్నారు?" అని అడిగింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత మంచి ప్రశ్న నన్ను అడిగిన విద్యార్థులు కొద్దిమందే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పలక కోసం ఆ చుట్టుపక్కల వెదికాను. నా కంటికి కనిపించినంతలో ఏదీ లేదు.

జవాబు మాత్రం ఆ కోట అంతటా పరచుకుని ఉంది. నది కంటికి దగ్గర, చేతికి దూరం. ఆ నిట్టనిలువు బండల మీద నుంచి రోజూ కడవలతో నీళ్లు మోసుకుని కొన్ని వేలమంది బతకడం సాధ్యం కాదు, పైగా ముట్టడి సమయంలో నది ఒడ్డున శత్రువు కాపు కాసి కూర్చుంటే ఆ ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. పెన్న వర్షాధారమైన నది. వానలు లేని నెలల్లో దాని పాయలు ఎంతగా సన్నబడతాయో, ఎంత ఇసుక బయటపడుతుందో రాయలసీమవాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు. కాబట్టి గండికోటను కట్టినవారు పెన్నను నీటి కోసం నమ్ముకోలేదు, కందకంగా నమ్ముకున్నారు. మనిషి తవ్వగలిగిన ఏ కందకానికీ అంత లోతు రాదు. దాహం తీర్చుకోవడానికి కొండ మీద కురిసిన ప్రతి చుక్కనూ పట్టి నిలిపే చెరువులూ కోనేళ్లూ ఏర్పాటు చేసుకున్నారు. ఆకలి తీర్చుకోవడానికి, మసీదు దగ్గరే మందపాటి గోడలతో, కమాను కప్పుతో ఇప్పటికీ చెక్కుచెదరకుండా నిలబడి ఉన్న ఆ పెద్ద ధాన్యాగారాన్ని కట్టుకున్నారు. నది, కోనేరు, ధాన్యాగారం, ప్రాకారం, ఈ నాలుగూ ఒకే ఆలోచనలోని భాగాలని ఆ పాపకు చెప్పినప్పుడు, పొద్దున తాను ఫోటోలు తీసుకున్న లోయను మరొకసారి చూడాలని తనంతట తానే పట్టుబట్టింది. రెండోసారి చూసినప్పుడు ఎక్కువసేపు నిలబడింది, ఫోను మాత్రం బయటకు తీయలేదు.

ఇది నా ఊహ కాదనడానికి మూడున్నర శతాబ్దాల నాటి సాక్షి ఒకరున్నారు. ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియర్ 1652లో గండికోటకు వచ్చాడు. గోల్కొండ సుల్తాను కొలువులో ప్రధాన అధికారిగా ఉన్న మీర్ జుమ్లా అప్పుడే ఈ కోటను, విజయనగర కాలం నుంచి ఇక్కడ ఏలుతున్న పెమ్మసాని నాయకుల నుంచి స్వాధీనం చేసుకుని ఇక్కడే మకాం వేసి ఉన్నాడు, తన సరుకును ఆయనకు చూపించడానికి టావెర్నియర్ వెతుక్కుంటూ వచ్చాడు. కొండను తొలిచి వేసిన ఇరుకైన దారి గురించి, ఆ దారి పక్కన భయపెట్టే అగాధం గురించి, దాని అడుగున ప్రవహించే నది గురించి ఆయన రాసిపెట్టాడు. కొండ మీది సమతలంలో చిన్న చిన్న ఊటల నీటితో వరి, చిరుధాన్యాలు పండించేవారని కూడా చెప్పాడు. అంటే గండికోట రాళ్ల గుట్ట మీద కట్టిన కాపలా గోడ కాదు, తలుపులు మూసుకుంటే కొంతకాలం తన తిండి తాను తిని, తన నీళ్లు తాను తాగగలిగిన ఊరు. ఆ దారి మీదే మేమూ వెళ్లాం, ఆ అగాధం అంచునే నిలబడ్డాం. అయినా ఆ రోజు అక్కడ ఉన్నవారిలో టావెర్నియర్ పేరు విన్నవారు ఎంతమంది ఉంటారో అని ఆలోచిస్తే మనసు చివుక్కుమంటుంది.

లోయనే చూడటానికి వచ్చేవారికి కూడా ఆ లోయ గురించి మనం ఏమీ చెప్పడం లేదు. ఎదుటి గట్టున కనిపించే ఆ ఎర్రని రాయి క్వార్ట్‌జైట్. భూగర్భశాస్త్రంలో దానికి గండికోట క్వార్ట్‌జైట్ అన్న పేరే స్థిరపడింది. కడప శిలా సముదాయంలోని చిత్రావతి వర్గంలో భాగమైన ఈ రాయి వయసును వందల కోట్ల ఏళ్లలో లెక్కపెట్టాలి. ఒకప్పుడు లోతు తక్కువ సముద్రాల అడుగున పొరలు పొరలుగా పేరుకున్న ఇసుక కాలక్రమంలో బిగుసుకుని, వేడికీ ఒత్తిడికీ గట్టిపడి ఈ రూపానికి వచ్చింది. పొరల వెంట అడ్డంగానూ, బీటల వెంట నిలువుగానూ విడిపోవడం దాని స్వభావం కాబట్టే ఆ గోడ ఇటుకలు పేర్చినట్టుగా, చతురస్రపు దిమ్మలుగా కనిపిస్తుంది. కోట ప్రాకారానికీ బురుజులకూ వాడిన చెక్కుడు రాయి కూడా ఇదే రంగుది. నది కోసిన గోడకూ మనిషి కట్టిన గోడకూ ఒకే రాయి. కొంచెం దూరంగా నిలబడి చూస్తే ఒకటి ఎక్కడ ముగిసి రెండోది ఎక్కడ మొదలవుతుందో వెంటనే పోల్చుకోలేం. విజ్ఞాన విహారయాత్రల పేరుతో పిల్లలను ఎక్కడెక్కడికో తీసుకువెళ్తాం, వారి సాంఘికశాస్త్రమూ సామాన్యశాస్త్రమూ ఒకేచోట కలిసి దొరికే ఇలాంటి స్థలాలు మనకు ఎన్ని ఉన్నాయి?

లోయలో ఇప్పుడు నిలకడగా కనిపించే నీటి గురించి కూడా ఒక మాట చెప్పాలి. పెన్న మీద ఈ ప్రాంతంలోనే 26.85 టీఎంసీల నిల్వ సామర్థ్యంతో గండికోట జలాశయాన్ని నిర్మించారు, దిగువన మైలవరం జలాశయం ఉంది. అంటే ఇవాళ మన కళ్ల ముందున్న నది పెమ్మసాని నాయకులు చూసిన నది కాదు. ఆనకట్టల వల్ల సీమకు కలిగిన మేలు సీమవాసులకు తెలుసు, దాని కోసం ఊళ్లనూ పొలాలనూ వదులుకున్నవారి కష్టమూ తెలుసు. ఆ మార్పును కూడా కోట చరిత్రలో ఒక అధ్యాయంగా చెప్పాలి, లేకపోతే నిండుగా ఉన్న నీటిని చూసిన పిల్లలు కోనేరు అనవసరంగా కట్టారనుకుంటారు.

ఇక చరిత్ర విషయానికి వద్దాం. మాధవరాయస్వామి ఆలయ గోపురం నీడలో మేము కూర్చుని ఉండగా, ఒక బృందానికి కోట కథ చెబుతున్న ఒక వ్యక్తి మాటలు నా చెవిన పడ్డాయి. ఆయన ఉత్సాహాన్ని నేను తక్కువ చేయను, ఎవరూ చెప్పని చోట ఆయన కనీసం చెబుతున్నాడు. కానీ పది నిమిషాల్లో ఆయన శ్రీకృష్ణదేవరాయలనూ మీర్ జుమ్లానూ ఎదురెదురుగా నిలిపి యుద్ధం చేయించాడు. రాయల పాలన 1509 నుంచి 1529 దాకా. మీర్ జుమ్లా ఈ కోటను పట్టుకున్నది దాదాపు 120 ఏళ్ల తరువాత. విన్నవారందరూ తలలూపి, ఆ కథనే తమ ఊళ్లకు తీసుకువెళ్లారు.

ఇలాంటి పొరపాట్లు నోటిమాటలోనే కాదు, అచ్చులోనూ ఉన్నాయి. గండికోటను 1123లో, కల్యాణి చాళుక్య రాజు ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడైన కాకరాజు కట్టించాడన్న వాక్యం చాలా చోట్ల ఒకదాన్ని చూసి మరొకటిగా అచ్చవుతూ వస్తోంది. ఆహవమల్లుడన్న బిరుదున్న మొదటి సోమేశ్వరుడు 1068లోనే మరణించాడు. 1123లో కల్యాణి సింహాసనం మీద ఉన్నది ఆయన కుమారుడు ఆరవ విక్రమాదిత్యుడు. అంటే ఆ వాక్యంలో సంవత్సరమైనా తప్పు కావాలి, రాజు పేరైనా తప్పు కావాలి. ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ సేకరించిన కైఫీయతుల్లో, అంటే ఊళ్ల స్థానిక చరిత్రల్లో, గండికోట కైఫీయతు ఉంది, ఈ నేలమీద శాసనాలు ఉన్నాయి, వాటిని చదవగలిగిన పండితులు మన విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. కైఫీయతులో చెప్పిందేమిటో, శాసనం రుజువు చేసిందేమిటో, జనం చెప్పుకునేదేమిటో విడివిడిగా చెప్పడం వారికి పెద్ద పని కాదు. స్థలపురాణానికి ఉండే అందం స్థలపురాణానిది, దాన్ని చరిత్ర అని చెప్పినప్పుడే రెండింటికీ అన్యాయం జరుగుతుంది.

తేదీల మీద ఇంత పట్టుదల ఎందుకని కొందరు అనుకోవచ్చు. గండికోట మీదుగా నడిచిన కాలం చిన్నది కాదు కాబట్టి. కల్యాణి చాళుక్యుల నాటి సామంతుల తరువాత విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు ఇక్కడ పాతుకుపోయారు. 1520 నాటి రాయచూరు యుద్ధంలో కృష్ణదేవరాయల పక్షాన పోరాడిన పెమ్మసాని రామలింగ నాయుడు ఈ వంశంవాడు. 1565లో విజయనగర సైన్యం ఓడి రాజధాని పాడుబడిన తరువాత కూడా ఈ నాయకులు ఎనభై ఏళ్లకు పైగా కోటను నిలబెట్టుకున్నారు. చక్రవర్తి బలం తగ్గిన రోజుల్లో కొండలూ లోయలే వారికి అండగా నిలిచాయన్నమాట. ఆ పైన గోల్కొండ సుల్తానుల పాలన వచ్చింది, తరువాత కడప నవాబులు, మైసూరు పాలకులు వచ్చారు, చివరకు 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. మాధవరాయ ఆలయ గోపురమూ, రంగనాథస్వామి ఆలయపు స్తంభాలూ, జామియా మసీదు కమానులూ కొద్ది దూరాల్లోనే నిలబడి ఉండటానికి కారణం ఈ వరుస. వరుస తెలియకపోతే అవన్నీ ఒకే పాత రాళ్ల కుప్పగా కనిపిస్తాయి, లేదా ఎవరికి తోచిన కథ వారు అల్లుకోవడానికి పనికొస్తాయి.

మసీదు ముందరి విశాలమైన ఆవరణలో నిలబడి చుట్టూ ఉన్న కమానుల వరుసను చూసినప్పుడు, అక్కడి నుంచి రంగనాథాలయంలోకి వెళ్లి స్తంభాల మీది శిల్పాలను తడిమినప్పుడు నాకు ఒకటే అనిపించింది. ఈ రెండు కట్టడాలనూ చెక్కిన చేతులు ఈ సీమ రాతిపనివాళ్లవే అయి ఉంటాయి, వారి ఉలికి తెలిసిన రాయి ఒక్కటే. ఇది నా అభిప్రాయం మాత్రమే, శాసనం చూపించి రుజువు చేయగలిగింది కాదు.

ఇప్పుడు నేను కోరేదేమిటో చెబుతాను. గండికోట అభివృద్ధికి కేంద్ర పర్యాటక శాఖ 2024లో 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసినట్టు పత్రికల్లో చదివాం. ఆ వార్తకు అందరితోపాటు నేనూ సంతోషించాను. వసతి గదులూ, దారులూ, దీపాలూ రావలసినవే. మధ్యాహ్నపు ఎండలో పెద్దవాళ్లు కాసేపు కూర్చోవడానికి నీడ, తాగడానికి నీళ్లు, స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్లు ఉంటే ఎంత మేలో ఆ రోజు మాకు బాగా తెలిసివచ్చింది. కానీ ఆ మొత్తంలో చాలా చిన్న భాగాన్ని, కోటను చదివి వినిపించే ఏర్పాటుకు కేటాయించాలని నా విన్నపం. ద్వారం దగ్గర ఒక పెద్ద పటం ఉండాలి. అందులో నది వంపూ, ప్రాకారమూ, చెరువులూ, ధాన్యాగారమూ, ఆలయాలూ, మసీదూ ఒకదానికొకటి ఏ దిక్కున ఉన్నాయో తెలియాలి. అక్కడి నుంచి నడకదారి నేరుగా లోయకు కాకుండా ముందు ప్రాకారం మీదుగా, తరువాత కోనేరు, ధాన్యాగారం, ఆలయాలు, మసీదు మీదుగా సాగి చిట్టచివర లోయ దగ్గరకు చేరాలి. ఈ వరుస మారితే చాలు, సగం పని అయినట్టే. అన్నీ చూసి చివరకు అంచున నిలబడ్డ మనిషికి ఈ కోటను ఇక్కడే ఎందుకు కట్టారో ఎవరూ చెప్పనక్కరలేదు.

పలకల విషయంలో మరొక మనవి. వాటిని ముందుగా తెలుగులో రాయాలి, తెలుగు తెలిసినవారిచేత రాయించాలి. ఇతర భాషల నుంచి యంత్రంలా తెచ్చి అతికించిన వాక్యాలు, అచ్చుతప్పులతో పలకల మీదకు ఎక్కడం చాలా చారిత్రక స్థలాల్లో చూస్తున్నాం. ఒక పలక మీద పది వాక్యాలకు మించి వద్దు, కానీ ఆ పది వాక్యాలూ పరిశీలించినవి కావాలి. కట్టడం పేరూ శతాబ్దమూ చెప్పి ఊరుకోకుండా అది దేనికోసం కట్టారో, ఎలా పనిచేసేదో చెప్పాలి. ధాన్యాగారం గోడలు అంత మందంగా ఎందుకున్నాయో, లోపల నిలబడితే బయటి వేడి ఎందుకు తెలియదో చెబితే చదువురాని మనిషి కూడా పక్కవాడిచేత చదివించుకుని వింటాడు.

లోయ అంచు గురించి రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను. మేము అక్కడ ఉన్న గంటసేపట్లోనే ఒక యువకుడు ఫోటో కోసం బండ చివరకు వెళ్లి వెనక్కి అడుగు వేయబోయాడు. అతని పాదం కింది రాతి పలక కదిలి, చేతికందే దూరంలో ఉన్న స్నేహితుడు చొక్కా పట్టి లాగితే కూలబడ్డాడు. కదిలిన రాయి మాత్రం కిందికి జారిపోయింది. అది ఎంతసేపటికి అడుగున తగిలిన చప్పుడు వినిపించిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. మా మనవరాలు నా కొంగు పట్టుకుని ఆ తరువాత చాలాసేపు వదలలేదు. పైన చెప్పినట్టు ఆ రాయి పొరల వెంటా బీటల వెంటా విడిపోయే రాయి, చూడటానికి ఇనుములా ఉన్నా అంచున ఉన్న దిమ్మ ఎప్పుడు ఊడిపోతుందో తెలియదు. మేము నిలబడిన చోట హద్దును సూచించే గీత గానీ, హెచ్చరించే మనిషి గానీ నాకు కనిపించలేదు. లోయ అందం చెడేలా ఎత్తయిన ఇనుప కంచె వేయమని నేను అనను. అంచుకు నాలుగైదు బారల ఇవతల, బండ మీద స్పష్టంగా కనిపించే హద్దు, ఆ రాయి స్వభావాన్ని రెండు వాక్యాల్లో చెప్పే హెచ్చరిక, జనం ఎక్కువగా వచ్చే ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ ఇద్దరు కాపలాదారులు, ఇవి చాలు. ప్రమాదమని మాత్రమే రాస్తే కుర్రకారు దాన్ని సవాలుగా తీసుకుంటారు. ఎందుకు ప్రమాదమో చెబితే ఆలోచిస్తారు.

గోడల మీద పేర్లు చెక్కేవారి గురించి కూడా. ధాన్యాగారం గోడ మీదా, ఆలయ స్తంభం మీదా ప్రేమికుల పేర్లూ, ఊళ్ల పేర్లూ, తేదీలూ చూసి నా కడుపు తరుక్కుపోయింది. రక్షిత కట్టడాలను పాడుచేస్తే 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద, 2010లో చేసిన సవరణ ప్రకారం, రెండేళ్ల దాకా జైలు శిక్ష గానీ లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. ఈ ఒక్క వాక్యాన్ని పెద్ద అక్షరాలతో ద్వారం దగ్గర రాసిపెట్టవచ్చు. అంతకంటే ముందు, పిల్లలను తీసుకువెళ్లే ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ బయలుదేరే ముందే ఆ మాట చెప్పి తీసుకువెళ్లాలని నా వృత్తిలోని వారందరినీ వేడుకుంటున్నాను. రాతి మీద గీసిన పేరు వందేళ్లు ఉంటుందని పిల్లవాడు అనుకుంటాడు. ఆ గీతలోకి నీరు దిగి ఆ రాయి ఎలా పెచ్చులూడుతుందో వాడికి ఎవరూ చూపించరు.

గండికోటలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది, అది ఇంకా మనుషులున్న కోట కావడం. ప్రాకారం లోపలే ఊరుంది. ఎక్కడ నిలబడితే లోయ మలుపు రెండు వైపులా కనిపిస్తుందో, వానకాలంలో ఏ బండ జారుతుందో, ఏ చెరువు ముందు నిండుతుందో ఆ ఊరివారికి తెలిసినంతగా ఏ పుస్తకమూ చెప్పలేదు. మాకు దారి చూపిన ఒక పెద్దాయన, "అమ్మా, అటు వద్దు, ఆ బండ కింద డొల్ల" అని మమ్మల్ని ఆపి, మరో దారిన తీసుకువెళ్లాడు. ఆయనకు తెలిసిన స్థలజ్ఞానానికి, పండితులు పరిశీలించి ఇచ్చిన చరిత్ర తోడైతే అంతకంటే మంచి మార్గదర్శకులు దొరకరు. ఆ ఊరి యువతీయువకుల్లో ఆసక్తి ఉన్నవారికి కొద్ది వారాల శిక్షణ ఇచ్చి, గుర్తింపు పత్రాలు ఇస్తే వారికి ఉపాధి దొరుకుతుంది. కృష్ణదేవరాయలకూ మీర్ జుమ్లాకూ యుద్ధం పెట్టే కథలూ ఆగిపోతాయి. కోటను అభివృద్ధి చేసేటప్పుడు ఆ ఊరిని అడ్డుగా కాక, ఆ కోటకు మిగిలిన చివరి సజీవ భాగంగా చూడాలని సంబంధిత అధికారులను ప్రార్థిస్తున్నాను.

వెళ్లాలనుకునే పాఠకులకు నా అనుభవం నుంచి ఒక్క సూచన. ఒక్క రోజే ఉన్నా సరే, తెల్లవారుజామునే చేరుకుని, ముందు ప్రాకారం వెంట నడవండి. ఎండ ముదరకముందే ఆలయాలూ మసీదూ చూసి, మధ్యాహ్నపు వేడిలో ధాన్యాగారం చల్లదనంలోకి వెళ్లండి. లోయను సాయంత్రానికి అట్టేపెట్టుకోండి, పొద్దు వాలే వేళ ఎదుటి గోడ రంగులు మారడం చూడవచ్చు. పిల్లలుంటే కోనేటి మెట్ల మీద కూర్చోబెట్టి మా మనవరాలు అడిగిన ప్రశ్ననే వాళ్లను అడగండి. జవాబు వెంటనే చెప్పకండి, లోయ దగ్గరకు వెళ్లేదాకా ఆగండి.

ఆ కోనేటి దగ్గర రేపు ఒక పలక నిలబెట్టే రోజు వస్తే, దాని మీద మొదటి వాక్యంగా ఆ ప్రశ్ననే రాయమని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని,
మీ పత్రిక పాఠకురాలు